పాత కిటికీలు తీసి కొత్తవి పెట్టించాలనుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారు 1986లో విజయవాడలో కట్టించిన ఇంటికి తొమ్మిది కిటికీలు. అన్నీ టేకు ఫ్రేములు, చెక్క రెక్కలు, మధ్యలో నిలువు చువ్వలు. మూడేళ్ళ కిందట వాటిలో ఐదు మార్పించాం. పని జరుగుతున్నప్పుడు తెలిసింది కొంత. ఆ తర్వాత చుట్టాలు, వీధిలోవాళ్ళు వచ్చి అడుగుతుంటే జవాబులు వెతుక్కుంటూ తెలుసుకున్నది ఇంకా ఎక్కువ. నాది కిటికీల వ్యాపారం కాదు, ఎవరి కమీషనూ నాకు రాదు. పదే పదే వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

మా కిటికీలు వానాకాలంలో పట్టేస్తున్నాయి. మార్చేయాల్సిందేనా?

అదొక్కటే కారణమైతే అక్కర్లేదు. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండలు రాగానే మళ్ళీ తగ్గుతుంది. వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించి, వంగిపోయిన బందులు మార్పించి, చిత్రిక పట్టిన చోట రంగు వేయిస్తే సరిపోతుంది. చాలామంది ఆ రంగు వేయించడమే మర్చిపోతారు. పచ్చి చెక్క బయటపడి ఉంటే వచ్చే జూలైకి మళ్ళీ అదే గొడవ.

నిజంగా మార్చాలో లేదో తెలియాలంటే ఒక స్క్రూడ్రైవర్ చాలు. ఫ్రేము కింది మూలల్లో, గోడకు ఆనుకున్న వైపు గట్టిగా పొడిచి చూడండి. వాన నీళ్ళు నిలిచేదీ, చెదలు ఎక్కేదీ అక్కడే. మొన గట్టిగా తగిలి ఆగిపోతే ఫ్రేము బాగున్నట్టు. మెత్తగా దిగిపోయినా, తట్టినప్పుడు డొల్ల చప్పుడు వచ్చినా ఆ ఫ్రేము పని అయిపోయినట్టే. మా ఇంట్లో ఇలా చూస్తేనే నాలుగు ఫ్రేములు రాయిలా ఉన్నాయని తెలిసింది. వాటికి రెక్కలు బాగు చేయించి ఊరుకున్నాం. పాత టేకు చేవ (మాను లోపలి గట్టి చెక్క) ఇప్పుడు డబ్బు పెట్టినా అంత తేలిగ్గా దొరకదు. ఫ్రేము బాగుండి రెక్కలే పాడైతే రెక్కలు మాత్రం కొత్తవి చేయించుకోవచ్చు.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) మంచిదా, అల్యూమినియం మంచిదా?

అందరూ మొదట అడిగేది ఇదే. కానీ దీనికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: కిటికీ ఎలా తెరుచుకోవాలి? ఆ ప్రశ్న తేలాక దీనికి వద్దాం.

సరే, స్లైడింగా, రెక్కల కిటికీనా?

షాపుకు వెళ్తే అడక్కముందే స్లైడింగ్ చూపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, చోటు తినదు, గాలికి టపటపా కొట్టుకోదు. కానీ రెండు పలకల స్లైడింగ్‌లో ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. మన పాత రెక్కల కిటికీ మొత్తం తెరుచుకునేది. అంటే ఆరడుగుల కిటికీ తీసేసి, లక్షలు పోసి, మూడడుగుల కిటికీ పెట్టించుకుంటున్నాం. ‘కొత్త కిటికీలు పెట్టాక ఇల్లు ఉక్కగా ఉంటోంది’ అని చెప్పేవాళ్ళలో చాలామంది సంగతి ఇదే. కొత్త ప్లాస్టిక్ వేడి పుట్టిస్తోందని అనుకుంటారు కానీ, తగ్గింది గాలి.

ఇళ్ళు ఎలా కడితే కరెంటు ఆదా అవుతుందో చెప్పడానికి కేంద్ర విద్యుత్ శాఖ 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ అని ఒక నియమావళి తెచ్చింది. వేడి, తేమ కలిసి ఉండే ప్రాంతాల్లో, అంటే మన కోస్తా లాంటి చోట్ల, బయటికి తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, తలుపులు అన్నీ కలిపి ఇంటి కార్పెట్ ఏరియాలో (గోడలు పోను లోపలి నేల వైశాల్యంలో) 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలని అందులో ఉంది. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణానికైతే 12.5 శాతం. ఇక్కడ లెక్కకొచ్చేది కిటికీ సైజు కాదు, అందులో తెరుచుకునే భాగం.

ఇంటి మొత్తానికి చెప్పిన లెక్కే అయినా ఒక్క గదికి వేసి చూడండి. 12 అడుగులకు 12 అడుగుల గది 144 చదరపు అడుగులు. అందులో ఆరో వంతు 24. ఆ గదికి ఆరడుగులకు నాలుగడుగుల రెక్కల కిటికీ ఒకటుంటే లెక్క సరిగ్గా సరిపోయింది. అదే సైజులో స్లైడింగ్ పెడితే మిగిలేది 12.

నా లెక్కయితే పడకగదులకు, వంటింటికి రెక్కలవి. రెక్క తెరిస్తే నడిచేవాళ్ళ తలకు తగిలే చోట, బాల్కనీ వైపు స్లైడింగ్. స్లైడింగే కావాలనుకుంటే మూడు ట్రాకుల మీద మూడు అద్దం పలకలు పెట్టించుకోవచ్చు. అన్నీ ఒక పక్కకు జరిపితే మూడింట రెండొంతులు తెరుచుకుంటుంది. అయితే అమ్మేవాళ్ళు ‘త్రీ ట్రాక్’ అన్నప్పుడు ఆ మూడోది చాలాసార్లు దోమల మెష్. అప్పుడు మళ్ళీ సగమే. అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు చెప్పండి, యూపీవీసీనా, అల్యూమినియమా, మళ్ళీ చెక్కేనా?

యూపీవీసీకి చెదలు పట్టవు, తుప్పు పట్టదు, రంగు ఖర్చు లేదు. రబ్బరు బీడింగు, చుట్టూ పట్టే లాకు ఉంటాయి కాబట్టి రెక్కల కిటికీ వేస్తే దుమ్ము, చప్పుడు బాగా తగ్గుతాయి. ఏసీ గదికి ఇదే నయం. దీని బలహీనత ఒంటరిగా నిలబడే బిగువు లేకపోవడం. పెద్ద సైజుల్లో లోపల స్టీలు లేకపోతే ఎండకు వంగుతుంది.

అల్యూమినియంకు బలం ఎక్కువ కాబట్టి ఫ్రేము సన్నగా ఉంటుంది, అద్దం పెద్దది వస్తుంది. ఎండ వేడిని లోపలికి తెస్తుందనేది నిజమే. లోహం కదా, మధ్యాహ్నం పడమటి కిటికీ ఫ్రేము మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. ఏసీ వేయని గదిలో, కిటికీలు తెరిచే ఉంచే ఇంట్లో ఆ తేడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. 1990లలో ఆఫీసులకు పెట్టిన పల్చటి సెక్షన్లు (ఫ్రేముకు, రెక్కలకు కోసి వాడే పట్టీలు) చూసి అల్యూమినియం అంటే గలగలలాడేదని అనుకునేవాళ్ళు ఇప్పటి మందపాటివి ఒకసారి చూడాలి.

చెక్క నాకు ఇష్టం. కానీ ఈ రోజుల్లో ‘టేకు’ అని అమ్మేదాంట్లో తెల్లచెక్క ఎంత, చేవ ఎంత అని పోల్చుకోగల మనిషి మీ పక్కన లేకపోతే వద్దు.

యూపీవీసీ నాణ్యత మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

షోరూములో తళతళలాడే శాంపిల్ చూసి ఏమీ తెలియదు. కోసిన ముక్క అడగండి. లోపల గదులు గదులుగా ఉంటుంది, మధ్య గదిలో గాల్వనైజ్డ్ స్టీలు ఉండాలి. దాని మందం కొటేషన్‌లో రాయించుకోండి. బిగించాక అనుమానం వస్తే గట్టి అయస్కాంతం ఒకటి ఫ్రేము మీద జరుపుకుంటూ వెళ్ళండి, స్టీలు ఉన్నచోట లాగుతుంది. రెక్కల్లో పెట్టి ఫ్రేములో మానేశారో, నిలువులో పెట్టి అడ్డంలో మానేశారో బయటపడుతుంది. ఇంటికొచ్చిన మేనేజరు ముందే మా అబ్బాయి ఈ పరీక్ష చేశాడు. ఆయన మొహం చూడాల్సింది, అయినా మా కిటికీలు పాసయ్యాయి లెండి.

మూలలు కరిగించి అతికినవై ఉండాలి. మన ఎండకు పసుపు రంగు తిరగకుండా కాపాడేది అందులో కలిపే టైటానియం డయాక్సైడ్. అది ఎంత కలిపారో కంటికి కనపడదు కాబట్టి, అదే కంపెనీ సెక్షన్ వాడి ఐదారేళ్ళయిన ఇల్లు ఒకటి చూపించమనండి. కొత్త ఇల్లు కాదు, పాతదే చూడాలి.

అద్దం ఎలాంటిది వేయించాలి? డబుల్ గ్లాస్ వేస్తే ఇల్లు చల్లగా ఉంటుందా?

చేతికి అందే ఎత్తులో ఉన్న కిటికీలకు, పిల్లలున్న ఇళ్ళకు టఫెన్డ్ అద్దం వేయించండి. మామూలు అద్దంకంటే నాలుగైదు రెట్లు గట్టిది, పగిలినా చిన్న పలుకులుగా రాలుతుంది, కత్తుల్లా దిగదు. మూలలో చెరగని ముద్ర ఉంటుంది, బిగించే ముందు చూసుకోండి. ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయడం కుదరదు. కొలత తప్పితే కొత్తది చేయించాల్సిందే.

డబుల్ గ్లాస్ రెండు అద్దాల మధ్య గాలి పొరతో బయటి వేడిని కొంత ఆపుతుంది. కానీ అద్దం మీద నేరుగా పడే ఎండను మామూలు డబుల్ గ్లాస్ పెద్దగా ఆపలేదు. దానికి ఎండను తిప్పికొట్టే కోటింగ్ ఉన్న అద్దం కావాలి. రోజంతా ఏసీ నడిచే గదికి ఆ ఖర్చు పెట్టొచ్చు. తలుపులు తెరుచుకుని బతికే ఇంటికి అనవసరం.

పడమటి కిటికీకి అన్నిటికంటే పనిచేసేది బయట వేసే నీడ. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు కిందికి దిగుతాడు కాబట్టి పైన సన్‌షేడ్ ఉన్నా ఎండ దాని కింద నుంచి లోపలికి వచ్చేస్తుంది. వెదురు తడిక బయట వైపు కట్టండి. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది, ఇక వేడి గదిలోనే తిరుగుతుంది. మా అమ్మ ఎండాకాలంలో వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లేది. ఫిజిక్సు ఏ బళ్ళోనూ చదవలేదు.

అద్దంలాగా మెరిసే రిఫ్లెక్టివ్ గ్లాస్ పగలు బయటివాళ్ళకు లోపల కనపడనివ్వదు. రాత్రి లైటు వేస్తే తిరగబడుతుంది, మీరే బయటికి కనపడతారు. ఇది తెలియక కర్టెన్లు తీసేసినవాళ్ళున్నారు.

రోడ్డు పక్క ఇల్లు. హారన్ల చప్పుడు తగ్గుతుందా?

తగ్గుతుంది, పూర్తిగా పోదు. చప్పుడు సందుల్లోంచి వస్తుంది, అందుకే మొదట సందులు మూయాలి. స్లైడింగ్‌లో పలకలు జరగడానికి బ్రష్ లాంటి పట్టీ ఉంటుంది, అది చప్పుడును ఆపలేదు. రబ్బరు బీడింగుకు గట్టిగా నొక్కుకునే రెక్కల కిటికీ ఆపుతుంది. ఆ తర్వాత అద్దం. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించిన లామినేటెడ్ గ్లాస్ ఈ పనికి బాగుంటుంది. డబుల్ గ్లాసే వేస్తే రెండు అద్దాలూ ఒకే మందం కాకుండా, ఒకటి పల్చగా, ఒకటి మందంగా పెట్టించండి. ఇంత చేసి పైన పాత వెంటిలేటర్ తెరిచి ఉంచితే మాత్రం డబ్బు దండగ.

గ్రిల్లు, దోమల మెష్ సంగతి?

ఆర్డరిచ్చే ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే రెక్క ఎటు తెరుచుకోవాలో నిర్ణయించేవి ఇవే. రెక్కలు బయటికి తెరుచుకుంటే గ్రిల్లు లోపల ఉండాలి, మెష్ లోపలి వైపు ఇంకో రెక్కగా రావాలి. అప్పుడు గ్రిల్లులోంచి చెయ్యి బయటికి పెట్టి రెక్క లాక్కోగలగాలి. మూడో అంతస్తులో ఉన్న పెద్దావిడ రోజూ ఆ పని చేయగలదా? రెక్కలు లోపలికి తెరుచుకుంటే గ్రిల్లు బయట ఉంటుంది, తుడుచుకోవడం తేలిక. కానీ కర్టెన్ అడ్డం వస్తుంది, కిటికీ గట్టు మీద ఏమీ పెట్టుకోలేం.

గ్రిల్లు చువ్వల మధ్య సందు 4 అంగుళాలు దాటకూడదు, పిల్లల తల దూరకూడదు. ఇంకో మాట. ఇంట్లో కనీసం ఒక పడకగది గ్రిల్లుకు తెరుచుకునే భాగం, దానికో తాళం పెట్టించండి. తాళంచెవి అక్కడే గోడకు వేలాడాలి. అన్ని కిటికీలకూ కదలని గ్రిల్లులు బిగించుకున్న ఇంట్లో హాలు వైపు మంటలు లేస్తే బయటపడే దారి ఉండదు.

మెష్‌లో ఫైబర్‌ది చవక, కానీ ఎలుక కొరికేస్తుంది, పిల్లి గీకేస్తుంది. కింది అంతస్తుకు స్టెయిన్‌లెస్ స్టీలు జాలి వేయించండి.

పాత ఫ్రేము పూర్తిగా తీయాలా, దాని మీదే కొత్తది బిగించొచ్చా?

ఫ్రేము గట్టిగా ఉంటే దాని లోపలే కొత్తది బిగించొచ్చు. గోడ పగలదు, ఒక పూటలో పని అయిపోతుంది. కానీ చుట్టూ రెండేసి అంగుళాలు పోయి కిటికీ చిన్నదవుతుంది. చిన్న కిటికీలకు అది పెద్ద నష్టం. చెదలు పట్టిన ఫ్రేము మీద మాత్రం బిగించనివ్వొద్దు. కొత్తది చెదలు తినకపోవచ్చు, దాన్ని పట్టుకున్న చెక్కను తింటాయి.

పూర్తిగా తీస్తే సంగతి వేరు. పాత ఫ్రేముల్ని గోడలోకి ఇనప హోల్డ్‌ఫాస్టులతో (గోడలోకి దిగే పట్టీలతో) పాతి ఉంటారు. పీకితే చుట్టూ ప్లాస్టరింగ్ రాలుతుంది, కింద కడప రాయి గట్టు ఉంటే అది పగలొచ్చు. మేస్త్రీ, లప్పం, రంగు, ఈ ఖర్చంతా కిటికీ కొటేషన్‌లో ఉండదు. మేము ఈ సందర్భంలోనే చుట్టూ గ్రానైట్ వేయించాం. ఖర్చయింది కానీ కొత్త ఫ్రేముకు నిటారుగా, సమంగా ఉండే అంచు దొరికింది.

కొలతలు ఎవరు తీయాలి?

చేసేవాళ్ళే తీయాలి, సంతకం పెట్టి మీకో కాపీ ఇవ్వాలి. మీరూ పక్కన టేపు పట్టుకుని ఉండండి. పాత గోడలు ఎక్కడా సమంగా ఉండవు. వెడల్పు పైన, మధ్యలో, కింద, ఎత్తు ఎడమ, మధ్య, కుడి కొలిచి అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని పట్టుకోవాలి. మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిస్తే ఓపెనింగ్ మూలమట్టంగా ఉందో లేదో తెలుస్తుంది. చుట్టూ 5 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదులుతారు, అది మామూలే.

హైదరాబాద్‌లో మా అక్కావాళ్ళకు ఒక ఫ్యాబ్రికేటరు (కిటికీలు చేసేవాడు) ఫోనులో చెప్పిన కొలతలతో చేసేశాడు. కిటికీ వచ్చాక చూస్తే అంగుళంన్నర పొట్టి. ఆ సందులో నురుగు (ఫోమ్) కొట్టి, పైన సిలికాన్ పూసి ‘ఏం టెన్షన్ పడకండి మేడమ్’ అని వెళ్ళిపోయాడు. ఆ నురుగు ఎండకు పొడిపొడి అవుతుంది, నీళ్ళను ఆపదు. ఒక్క ఎండాకాలం గడిచింది, మొదటి వానకే నీళ్ళు మంచం మీదికి వచ్చాయి. తర్వాత ఫోను ఎత్తలేదు.

కొత్త కిటికీయే, అయినా నీళ్ళు వస్తున్నాయి. ఎందుకు?

మూడు చోట్ల చూడండి. ఒకటి, స్లైడింగ్ ట్రాకులో పడిన నీళ్ళు పోవడానికి ఫ్రేము బయటి వైపు చిన్న రంధ్రాలుండాలి. కొందరు వేయరు, కొన్నిచోట్ల వేసినవి సిమెంటుతో మూసుకుపోతాయి. ఒక గ్లాసు నీళ్ళు ట్రాకులో పోసి చూస్తే తెలుస్తుంది. రెండు, కిటికీ గట్టు వాలు బయటికి ఉండాలి, లోపలికి కాదు. మూడు, సన్‌షేడ్ అంచు కింద చిన్న గాడి ఉండాలి. అది లేకపోతే నీళ్ళు సన్‌షేడ్ కింది నుంచి పాకుతూ వచ్చి గోడ మీదుగా ఫ్రేము పైభాగానికి చేరతాయి. మూడోది కిటికీవాళ్ళ తప్పు కాదు, కానీ తిట్లు వాళ్ళకే.

మాది విశాఖ, సముద్రం దగ్గర. ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

ఉప్పుగాలి ముందు తినేది ఫ్రేమును కాదు, బందులు, స్క్రూలు, చక్రాలు, లాకులను. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ కూడా మరకలు పడుతుంది, 316 అడగండి. నెలకోసారి మంచినీళ్ళతో కడిగితే చాలాకాలం వస్తాయి.

తుపానుల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో ఎన్ని అద్దాలు పగిలాయో అక్కడివాళ్ళకు గుర్తే. భారతీయ ప్రమాణాల్లో గాలి వేగం లెక్క హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లయితే విశాఖకు, విజయవాడకు 50. గాలి తోపు వేగంతో సమానంగా కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే ఆ కాస్త తేడాకే దాదాపు 30 శాతం ఎక్కువ తోపు. పై అంతస్తుల్లో ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో చూసిన అద్దం మందం, స్టీలు మందం మీకు చాలకపోవచ్చు. మీ ఊరు, మీ అంతస్తు చెప్పి లెక్క వేయమనండి.

కొటేషన్‌లో ఏం చూడాలి?

చదరపు అడుగు రేటు ఒక్కటే పోల్చకండి. కొందరు అంగుళాలను పైకి సవరించి లెక్కేస్తారు, పది కిటికీల మీద అది బాగానే తేలుతుంది. అద్దం రకం, మందం, మెష్, లాకులు, పాతది తీయడం, చెత్త ఎత్తడం, 18 శాతం జీఎస్టీ, అన్నీ కలిపారా లేదా అన్నది అడగండి. గ్యారంటీ ‘పదేళ్ళు’ అంటే చాలాసార్లు ప్లాస్టిక్ సెక్షన్‌కు మాత్రమే. చక్రాలకు, లాకులకు, బిగింపుకు ఎన్నేళ్ళో విడిగా రాయించుకోండి. బిగింపు గ్యారంటీ ఒక వానాకాలమైనా దాటాలి. పది శాతం డబ్బు మొదటి పెద్ద వాన దాకా ఆపుకోగలిగితే అంతకంటే మంచి గ్యారంటీ లేదు.

అపార్ట్‌మెంట్‌లో అనుమతి కావాలా?

బయటికి కనపడే రంగు, ఆకారం మారుతుంటే అసోసియేషన్‌ను ముందే అడగండి. బిగించాక తీయమంటే ఎవరికీ బాగుండదు.

వాస్తు ప్రకారం కిటికీల సంఖ్య సరిగా ఉండాలంటారు కదా?

సరి సంఖ్యలో ఉండాలి, చివర సున్నా రాకూడదు అంటారు. ఉన్నవాటినే మారిస్తే సంఖ్య మారదు. రెండు చిన్నవి కలిపి ఒకటి చేసేటప్పుడే ఈ మాట వస్తుంది. మావి తొమ్మిది, నలభై ఏళ్ళుగా అలాగే ఉన్నాయి.

తీసిన చెక్కను ఏం చేయాలి?

పనివాళ్ళకు ఊరికే ఇచ్చేయకండి. పాత టేకు కొనే పాత కలప దుకాణాలున్నాయి. ఫ్రేము పోయినా రెక్కల్లో మంచి చెక్క ఉంటుంది. మేము రెండు రెక్కలు కలిపి పూజగదికి చిన్న తలుపు చేయించాం.

రంగు గీకించేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఎనామిల్ రంగుల్లో అది ఎంతైనా ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. నీళ్ళు తడిపి గీకమనండి, మాస్కు పెట్టుకోమనండి, పిల్లల్ని ఆ రోజు అమ్మమ్మగారింటికి పంపించండి.

ఏ నెలలో పెట్టుకుంటే మంచిది?

సంక్రాంతి వెళ్ళాక. మార్చి లోపు బిగించేస్తే మేస్త్రీ పని ఆరడానికి సమయముంటుంది, వానలకు ముందే లోపాలు సరిచేయించుకోవచ్చు. కొత్త కిటికీలు వచ్చి మీ వరండాలో దిగి, మీరే టేపు పెట్టి కొలిచేదాకా పాత ఫ్రేము ఒక్కటి కూడా పీకనివ్వకండి. పొద్దున్నే వచ్చి ‘బండి దారిలో ఉంది సార్, ఈలోగా తీసేస్తాం’ అంటారు. మాకూ అలాగే అన్నారు. ఆ బండి రెండు రోజుల తర్వాత వచ్చింది.